స్నేహితులతో యూటా ఎడారి పార్కులు: ఏడు రోజులు, ఐదు పార్కులు, ఒకే కారు

“లాస్ వేగస్‌లో దిగుతున్నాం, ఐదుగురం ఉన్నాం, వారం సెలవు దొరికింది. జయాన్, బ్రైస్, మోయాబ్ అన్నీ చుట్టేయొచ్చా?” అమెరికాలో ఉన్న మనవాళ్ళ గ్రూపుల్లో ఈ ప్రశ్న ఏడాదికి నాలుగైదుసార్లు కనిపిస్తుంది. చుట్టేయొచ్చు. ఆ ఐదు పార్కులు జయాన్, బ్రైస్, క్యాపిటల్ రీఫ్, ఇంకా మోయాబ్ ఊరి దగ్గరున్న ఆర్చెస్, కేనియన్‌ల్యాండ్స్. కాకపోతే చాలామంది మ్యాప్ మీద దూరాలు చూసి ప్లాన్ వేస్తారు. ఈ ఎడారిలో ప్లాన్ వేయాల్సింది మధ్యాహ్నాన్ని చూసి. ఉదయం పదకొండు నుంచి సాయంత్రం నాలుగు దాకా నడవకుండా చూసుకుంటే సగం కష్టాలు రావు. కింద చెప్పినదంతా ఒక్క లెక్క మీదే నడుస్తుంది: తెల్లవారుజామున నడక, మధ్యాహ్నం ఏసీ కారులో ప్రయాణం, సాయంత్రం వ్యూ పాయింట్.

ఎప్పుడు వెళ్ళాలి

ఏప్రిల్ రెండో వారం నుంచి మే చివరి దాకా, మళ్ళీ సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు ఆఖరు దాకా మంచి కాలం. జులైలో జయాన్, మోయాబ్ ప్రాంతాలు 100 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 38 సెల్సియస్, దాటడం మామూలు. జులై మధ్య నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నపు ఉరుముల వానలు, మెరుపు వరదలు (ఉన్నట్టుండి ముంచుకొచ్చేవి) కూడా ఉంటాయి. బ్రైస్ సంగతి వేరు. అది ఎనిమిది, తొమ్మిది వేల అడుగుల ఎత్తున ఉంది. మేలో, అక్టోబరులో పగలు చొక్కా చాలు గానీ రాత్రి నీళ్ళు గడ్డకట్టే చలి ఉంటుంది. ఒకే ట్రిప్‌లో ఎండ టోపీ, ఉన్ని టోపీ రెండూ అవసరమవుతాయి.

కావలసినవి

- నీళ్ళు: మనిషికి రోజుకు ఒక గాలన్, అంటే దాదాపు నాలుగు లీటర్లు. ఐదుగురికి రెండు రోజుల నిల్వ పది గాలన్లు. కారులో ఎప్పుడూ ఇంత ఉండాలి. తాగిన కొద్దీ విజిటర్ సెంటర్లలో నింపుకోండి.
- ఓఆర్‌ఎస్ పొట్లాలు: మనిషికి రోజుకు రెండు.
- ఉప్పు తగిలే తిండి: కారప్పూస, చెగోడీలు, వేయించిన పల్లీలు.
- పెద్ద ఐస్ పెట్టె ఒకటి.
- తలకు కట్టుకునే లైటు మనిషికొకటి. ఫోన్ లైటు పనికిరాదు, చేయి ఖాళీగా ఉండదు.
- పట్టున్న అరిగిపోని బూట్లు, ఎండ టోపీ, పొడుగు చేతుల పలచటి చొక్కా.
- చలికోటు, చేతి తొడుగులు (బ్రైస్ తెల్లవారుజాముకి).
- టైర్లలో గాలి కొలిచే గేజ్, కారు సాకెట్‌కి తగిలించే చిన్న గాలి పంపు.
- ఒక కాగితం మ్యాప్. పార్కు గేటు దగ్గర ఇచ్చేది పారేయకండి.
- క్రెడిట్ కార్డు. చాలా గేట్లలో ఇప్పుడు నగదు తీసుకోరు.

1. రోజులు లెక్క వేసుకోండి

వేగస్‌లో మొదలై వేగస్‌లో ముగిసే ఐదు పార్కుల చుట్టుకి ఏడు పూర్తి రోజులు కావాలి. డ్రైవింగ్ ఇలా ఉంటుంది:

- వేగస్ నుంచి జయాన్: 160 మైళ్ళు, మూడు గంటల లోపు
- జయాన్ నుంచి బ్రైస్: 85 మైళ్ళు, రెండు గంటలు
- బ్రైస్ నుంచి క్యాపిటల్ రీఫ్: 120 మైళ్ళు, ఆగకుండా రెండున్నర, ఆగుతూ నాలుగు గంటలు
- క్యాపిటల్ రీఫ్ నుంచి మోయాబ్: 145 మైళ్ళు, రెండున్నర గంటలు
- మోయాబ్ నుంచి వేగస్: 460 మైళ్ళు, ఏడు గంటలు

నాలుగు రోజులే ఉంటే మోయాబ్ వైపు చూడొద్దు. జయాన్, బ్రైస్ చూసి, అరిజోనాలోని పేజ్ ఊరి మీదుగా తిరిగి వేగస్ చేరండి. పేజ్‌లో యాంటిలోప్ కేనియన్ అనే ఇరుకు లోయ, నది గుర్రపు నాడాలా మలుపు తిరిగే హార్స్‌షూ బెండ్ ఉంటాయి. గండికోట అంచున నిలబడి పెన్నా వంక చూసినవాళ్ళకు హార్స్‌షూ బెండ్ దగ్గర అదే గుండె ఝల్లు తెలుస్తుంది, లోతు మాత్రం ఇంకా ఎక్కువ. ఐదు రోజులుంటే క్యాపిటల్ రీఫ్ దాకా వెళ్ళి తిరిగిరండి. చివరి రోజు ఏడు గంటలు నడపడం ఇష్టం లేకపోతే మోయాబ్ నుంచి సాల్ట్ లేక్ సిటీకి నాలుగు గంటలే. అక్కడ కారు అప్పగించి విమానమెక్కొచ్చు. వేరే ఊళ్ళో అప్పగించినందుకు అదనపు ఛార్జీ ఎంతో బుక్ చేసేముందే చూడండి, ఒక్కోసారి అది విమాన టికెట్ కన్నా ఎక్కువ.

2. పాస్, పర్మిట్లు

విడివిడిగా కొంటే జయాన్ 35, బ్రైస్ 35, ఆర్చెస్ 30, కేనియన్‌ల్యాండ్స్ 30, క్యాపిటల్ రీఫ్ 20 డాలర్లు, కారుకి. మొత్తం 150. ఏడాది పాస్ 80 డాలర్లు, కారులో ఉన్నవాళ్ళందరికీ కలిపి. ఇందులో ఆలోచించడానికేమీ లేదు, పాస్ కొనండి. అయితే 2026 జనవరి 1 నుంచి ఈ 80 డాలర్ల ధర అమెరికాలో నివసించేవాళ్ళకే. బయటి దేశాల నుంచి వచ్చేవాళ్ళ పాస్ 250 డాలర్లు. పాస్ లేని విదేశీ సందర్శకులు జయాన్, బ్రైస్ సహా 11 పార్కుల్లో మామూలు రుసుము మీద మనిషికి 100 డాలర్లు అదనంగా కట్టాలి. కాబట్టి పాస్ కొన్న మనిషి స్టేట్ డ్రైవింగ్ లైసెన్సు దగ్గర ఉంచుకోవాలి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలో స్నేహితులో కారులో ఉంటే, వాళ్ళకి ఏ రుసుము వర్తిస్తుందో పార్క్ సర్వీస్ వెబ్‌సైట్‌లో ముందే చదువుకోండి. గేటు దగ్గర వాదించి లాభం లేదు.

ఈ పాస్ చెల్లని చోట్లు కూడా ఉన్నాయి. మోయాబ్ దగ్గరి డెడ్ హార్స్ పాయింట్ రాష్ట్ర పార్కు, విడిగా టికెట్ కొనాలి. హార్స్‌షూ బెండ్ పార్కింగ్ పేజ్ ఊరిది. యాంటిలోప్ కేనియన్ నవాహో అనే ఆదివాసీ జాతి నేల మీద ఉంది, గైడు టూరు లేకుండా లోపలికి పంపరు.

పర్మిట్ల విషయంలో ఎక్కువమంది దెబ్బతినేది జయాన్‌లోని ఏంజెల్స్ ల్యాండింగ్ అనే కొండ దగ్గర. 2022 ఏప్రిల్ 1 నుంచి గొలుసులు పట్టుకుని ఎక్కే ఆఖరి భాగానికి లాటరీ పర్మిట్ తప్పనిసరి. రిక్రియేషన్ డాట్ గవ్ సైటులో కొన్ని నెలల ముందు ఒక లాటరీ, వెళ్ళే ముందురోజు ఇంకోటి జరుగుతాయి. దరఖాస్తుకి 6 డాలర్లు, అది తిరిగి రాదు. పర్మిట్ వస్తే మనిషికి 3 డాలర్లు. రాకపోతే ట్రిప్ పాడైనట్టు కాదు. గొలుసులకి ముందు వచ్చే స్కౌట్ లుకౌట్ దాకా పర్మిట్ అక్కర్లేదు, ముప్పావు వంతు అందం అక్కడే దొరుకుతుంది.

ఆర్చెస్‌లో 2022 నుంచి కొన్నేళ్ళు రద్దీ నెలల్లో టైమ్ స్లాట్ టికెట్ పెట్టారు. మీరు వెళ్ళే తేదీకి అది ఉందో లేదో పార్క్ పేజీలో చూడండి. లేకపోయినా ఏడింటికల్లా గేటు దాటేయాలి, పార్కింగ్ నిండితే కార్లను వెనక్కి పంపుతారు.

3. కారు

ఐదుగురు పెద్దవాళ్ళు, ఐదు పెట్టెలు, ఐస్ పెట్టె, పది గాలన్ల నీళ్ళు మిడ్‌సైజ్ ఎస్‌యూవీలో పట్టవు. ఫొటోలో పట్టేట్టు కనిపిస్తుంది, పార్కింగ్ లాట్‌లో పట్టదు. మినీవ్యాన్ తీసుకోండి, లేదా నలుగురే వెళ్ళండి. చక్రాల పెట్టెలు మానేసి మెత్తటి బ్యాగులు తెచ్చుకోమని అందరికీ చెప్పండి. ఈ రూటు మొత్తం తారు రోడ్డే, ఫోర్ వీల్ డ్రైవ్ కోసం ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు.

కౌంటర్ దగ్గర వదిలేయకూడనివి నాలుగు.

ఒకటి, నడపబోయే ప్రతి ఒక్కరి పేరూ ఒప్పందంలో రాయించండి. రోజుకు కొన్ని డాలర్లు మిగులుతాయని ఒక్కరి పేరే రాయించి అందరూ నడిపితే, పేరు లేని మనిషి చేతిలో ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ వర్తించదు. 25 ఏళ్ళ లోపువాళ్ళకి అదనపు రుసుము ఉంటుంది.

రెండు, క్రెడిట్ కార్డు ఇచ్చే కవరేజీ అద్దె కారుకి జరిగిన నష్టానికే. ఎదుటి కారుకో ఎదుటి మనిషికో జరిగినదానికి కాదు. సొంత కారు, సొంత పాలసీ లేని స్టూడెంట్లు లయబిలిటీ కవర్ విడిగా తీసుకోవాల్సిందే.

మూడు, డిక్కీ అడుగు పలక ఎత్తి స్పేర్ టైరు ఉందో లేదో కళ్ళతో చూడండి. కొత్త కార్లలో చాలావాటికి స్పేర్ ఉండదు, నురగ నింపే కిట్ మాత్రమే ఉంటుంది. పక్కగోడ చీలిన టైరుకి అది పనిచేయదు. స్పేర్ లేకపోతే వేరే కారు అడగండి.

నాలుగు, గాలి. డ్రైవర్ తలుపు తీస్తే లోపలి అంచున స్టిక్కర్ ఉంటుంది, దాని మీద ఉన్న అంకె చూసి టైర్లు చల్లగా ఉన్నప్పుడు కొలవండి. వేడెక్కిన టైరులో ఒత్తిడి ఎక్కువ చూపిస్తుంది, అది చూసి గాలి తీసేస్తే తెల్లారేసరికి తక్కువైపోతుంది.

గ్యాస్ పోయించేటప్పుడు ఒక సంగతి. యూటాలో ‘రెగ్యులర్’ అని రాసిన పంపులో చాలాచోట్ల 85 ఆక్టేన్ ఉంటుంది. మీ కారు మూత మీదో మాన్యువల్‌లోనో 87 అని ఉంటే, పై రకం బటన్ నొక్కండి. ట్యాంకు సగానికి వచ్చిందంటే ఎక్కడ బంకు కనబడితే అక్కడ నింపడమే, ధర చూడొద్దు. పార్కుల లోపల గ్యాస్ దొరకదు.

4. నీళ్ళు, తిండి

విజయవాడ ఎండలో చొక్కా తడిసి ఒంటికి అంటుకుంటుంది కాబట్టి చెమట పడుతోందని తెలుస్తుంది. ఇక్కడ గాలి ఎంత పొడిగా ఉంటుందంటే చెమట పుట్టిన చోటే ఆరిపోతుంది. చొక్కా పొడిగానే ఉంటుంది, వీపు మీద, టోపీ అంచున తెల్లటి ఉప్పు చారలు మాత్రం మిగులుతాయి. ఆ చారలు కనబడే సమయానికి ఒంట్లో నీళ్ళు ఎప్పుడో తగ్గిపోయి ఉంటాయి. “మేం రోహిణి కార్తె ఎండలు చూసినవాళ్ళం” అనే ధీమా మనవాళ్ళని ఇక్కడే దెబ్బకొడుతుంది.

దాహం వేసేదాకా ఆగకుండా పావుగంటకోసారి రెండు గుక్కలు తాగాలి. ఉత్త నీళ్ళే లీటర్లకొద్దీ తాగితే ఒంట్లో ఉప్పు పలచబడి తలనొప్పి, వాంతి, తికమక వస్తాయి. చూడ్డానికి అచ్చం వడదెబ్బలాగే ఉంటుంది. అందుకే ప్రతి రెండో సీసాలో ఓఆర్‌ఎస్, మధ్యలో కారప్పూస. సరిపడా తాగుతున్నారో లేదో తెలుసుకోవడానికి ఒకటే పరీక్ష: మూత్రం లేత పసుపులో ఉంటే సరే, చిక్కటి రంగులో ఉంటే నడక ఆపి నీడలో కూర్చుని తాగండి.

తిండికి వేగస్‌లోనే సరుకులు కొనేయండి. దారిలో ఊళ్ళు చిన్నవి, రాత్రి ఎనిమిది దాటితే తినే చోట్లు మూసేస్తారు, శాకాహారులకి చీజ్ శాండ్‌విచ్ మించి దొరకని ఊళ్ళున్నాయి. మొదటి రెండు రోజులకి పులిహోర, చపాతీలు, పొడులు. చింతపండు పులుపు ఉంటుంది కాబట్టి పులిహోర ఒక రోజు నిలుస్తుంది, ఎండ కారులో మాత్రం పెట్టొద్దు. పెరుగన్నం ఐస్ పెట్టెలోనే ఉండాలి.

రైస్ కుక్కర్ తీసుకెళ్ళేవాళ్ళు గదిలో వాడనిస్తారో లేదో ముందు అడగండి. బ్రైస్ దగ్గర ఎనిమిది వేల అడుగుల ఎత్తున నీళ్ళు సుమారు 92 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతాయి. కుక్కర్ నీళ్ళు ఆవిరైపోగానే ఆగిపోతుంది, మెతుకు మధ్యలో పలుకు మిగిలిపోతుంది. బియ్యం అరగంట నానబెట్టి, గ్లాసు బియ్యానికి పావు గ్లాసు నీళ్ళు ఎక్కువ పోస్తే సరిగ్గా ఉడుకుతుంది. పప్పు అక్కడ వండే ప్రయత్నం చేయొద్దు. వండి గట్టిపరిచి ఐస్ పెట్టెలో తీసుకెళ్ళండి.

5. ఫోన్, మ్యాప్, గడియారం

పార్కుల్లోనూ, పార్కుల మధ్య చాలా దూరం సిగ్నల్ ఉండదు. దక్షిణ యూటా మొత్తం మ్యాప్‌ని ఇద్దరి ఫోన్లలో ఆఫ్‌లైన్‌కి దించుకోండి. పార్క్ సర్వీస్ యాప్‌లో ఒక్కో పార్కుని విడిగా ఆఫ్‌లైన్‌లో దాచుకోవచ్చు. దించుకున్నాక ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి తెరిచి చూడండి. తెరుచుకుంటేనే దిగినట్టు.

మ్యాప్ చూపించే దగ్గరి దారిని నమ్మొద్దు. బ్రైస్ నుంచి పేజ్ వెళ్ళేటప్పుడు కాటన్‌వుడ్ కేనియన్ రోడ్డు అని ఒకటి కనిపిస్తుంది. అది మట్టి రోడ్డు. వాన పడితే ఆ బంకమట్టి సబ్బులా జారుతుంది, టైరు గాడులు మట్టితో నిండిపోయి కారు కదలదు. అద్దె ఒప్పందాలు మట్టిరోడ్ల మీద నడపడాన్ని సాధారణంగా నిషేధిస్తాయి, అక్కడి నుంచి లాగించే ఖర్చు మీదే. కనాబ్ మీదుగా 89వ నంబరు హైవేలోనే వెళ్ళండి.

నెవాడా దాటి యూటాలో అడుగు పెడితే గడియారం గంట ముందుకి జరుగుతుంది. అరిజోనా వేసవి సమయాన్ని పాటించదు, దాని పక్కనే ఉన్న నవాహో నేల పాటిస్తుంది. పేజ్‌లో ఫోన్ ఏ టవర్ పట్టుకుందో దాన్నిబట్టి గంట అటూ ఇటూ దూకుతుంది. యాంటిలోప్ టూర్లు పేజ్ ఊరి సమయం ప్రకారం నడుస్తాయి. ఫోన్‌లో ఆటోమేటిక్ టైమ్ ఆపేసి, అరిజోనాలోని ఫీనిక్స్ ఊరి సమయం చేత్తో పెట్టుకోండి. టూరు తప్పిపోయినవాళ్ళలో ఎక్కువమంది ఈ గంట దగ్గరే తప్పిపోతారు.

6. రోజువారీ నడక

*మొదటి రోజు.* మధ్యాహ్నం వేగస్ నుంచి బయల్దేరి సాయంత్రానికి హరికేన్ ఊరు చేరండి. జయాన్ గుమ్మంలో ఉన్న స్ప్రింగ్‌డేల్ ఊరి కన్నా గదులు చవక, దూరం నలభై నిమిషాల లోపే. చీకటి పడకముందే చేరడం ముఖ్యం.

*రెండో రోజు, జయాన్.* మార్చి నుంచి నవంబరు దాకా లోయలోకి సొంత కార్లు వెళ్ళనివ్వరు, షటిల్ బస్సు ఉచితం. తొలి బస్సు పట్టుకోవాలంటే ఆరున్నరకల్లా పార్కింగ్ దొరకాలి. ఏంజెల్స్ ల్యాండింగ్ గానీ నారోస్ గానీ, ఒకే రోజు రెండూ పెట్టుకోవద్దు.

నారోస్ అంటే వర్జిన్ నదిలోనే ఎదురు నడక. ఆఖరి స్టాపులో దిగి, ఒక మైలు చదును బాట నడిస్తే నది మొదలు. అడుగున గుండ్రటి రాళ్ళు, మురికి నీళ్ళలో కనబడవు. రెండు కాళ్ళతో నిలబడలేం, కర్ర మూడో కాలు. నీళ్ళ బూట్లు, నియోప్రిన్ సాక్సులు, కర్ర కలిపి స్ప్రింగ్‌డేల్‌లో అద్దెకిస్తారు, ముందురోజు సాయంత్రమే తీసుకోండి. చెప్పులు, క్రాక్స్ వద్దు. జీన్స్ అసలే వద్దు, తడిస్తే ఆరదు, చలి పట్టేస్తుంది. నది ప్రవాహం సెకనుకు 150 ఘనపుటడుగులు దాటితే దారి మూసేస్తారు, 70 దాటినప్పటి నుంచే నడక కష్టం. ఏప్రిల్, మే నెలల్లో మంచు కరిగి తరచూ మూతపడుతుంది. ఆ నదిలో విషపు నాచు ఉంటుంది, ఫిల్టర్ చేసినా తాగకండి, తల ముంచకండి. చివరి షటిల్ ఎన్నింటికో ఫోటో తీసి పెట్టుకోండి. అది తప్పితే తొమ్మిది మైళ్ళ దాకా నడక.

*మూడో రోజు, బ్రైస్.* ఉదయం ఏడింటికి జయాన్ తూర్పు వైపు సొరంగం దాటండి. 1930లో పూర్తయిన ఈ 1.1 మైళ్ళ సొరంగంలో పెద్ద ఆర్‌వీలకి (లోపల ఇల్లులా ఉండే బళ్ళకి) ఆంక్షలున్నాయి, మామూలు కారుకి ఏమీ లేవు. దాటగానే కేనియన్ ఓవర్‌లుక్ బాట, రానూపోనూ ఒక మైలు. పార్కింగ్‌లో పట్టే కార్లు కొద్దే, అందుకే ఏడు గంటలు. మధ్యాహ్నానికి బ్రైస్ చేరి, 18 మైళ్ళ రోడ్డు చివరి రెయిన్‌బో పాయింట్ దాకా వెళ్ళి, తిరుగుదారిలో ఒక్కో వ్యూ పాయింట్‌లో ఆగండి. ఉరుము వినిపిస్తే అంచు వదిలి కారులోకి రండి, పిడుగులు అక్కడ నిజమైన ప్రమాదం.

*నాలుగో రోజు.* బ్రైస్‌లో చూడాల్సింది సూర్యాస్తమయం కాదు, సూర్యోదయం. రాతి స్తంభాలు నిండిన గిన్నెలాంటి ఆ లోయ తూర్పుకి తెరుచుకుని ఉంటుంది. సాయంత్రం నీడ పడిపోతుంది. పొద్దున తొలి కిరణం తగిలినప్పుడు స్తంభాల అంచులు లోపల దీపం పెట్టినట్టు నారింజ రంగులో వెలుగుతాయి, కింద ఇంకా నీలి చీకటి ఉంటుంది. అది చూశాక సన్‌రైజ్ పాయింట్ నుంచి క్వీన్స్ గార్డెన్ దారిలో దిగి, నవాహో లూప్ మీదుగా సన్‌సెట్ పాయింట్‌కి ఎక్కండి. మూడు మైళ్ళు, రెండు మూడు గంటలు. దిగడం సులువు, ఎక్కేటప్పుడు ఎత్తు వల్ల ఊపిరి అందదు. అరవై అడుగులు నడిచి ఆగడం సిగ్గుపడే విషయం కాదు.

పదిన్నరకి 12వ నంబరు హైవే ఎక్కండి. ఈ ట్రిప్‌లో అన్నిటికన్నా అందమైన రోడ్డు ఇదే. ఎస్కలాంటే దాటాక హాగ్‌బ్యాక్ అనే చోట రెండు పక్కలా లోయ, మధ్యలో సన్నటి గట్టు మీద రోడ్డు, పక్కన రెయిలింగ్ లేదు. ఎత్తు భయమున్నవాళ్ళని స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టొద్దు. ఆ తర్వాత బౌల్డర్ కొండ మీద 9,600 అడుగులు ఎక్కుతారు, ఆవులు రోడ్డు మీద నిలబడి ఉంటాయి. క్యాపిటల్ రీఫ్ దగ్గరి టోరీ ఊళ్ళో రాత్రి బస.

*ఐదో రోజు, క్యాపిటల్ రీఫ్.* ఏడింటికి హిక్‌మన్ బ్రిడ్జ్ నడక, రెండు మైళ్ళ లోపు. పార్కులోని ఫ్రూటా తోటల్లో పళ్ళు కాసే కాలమైతే, తోటలో నిలబడి తిన్నంతవరకు ఉచితం, పట్టుకెళితే డబ్బు కట్టాలి. జూన్, జులైల్లో చెర్రీలు, సెప్టెంబరు, అక్టోబరుల్లో యాపిల్స్. పదకొండుకి మోయాబ్ దారి పట్టండి. దారిలో హ్యాంక్స్‌విల్ ఊళ్ళో గ్యాస్ నింపాల్సిందే.

*ఆరో రోజు, ఆర్చెస్, కేనియన్‌ల్యాండ్స్.* ఆర్చెస్‌లోని డెలికేట్ ఆర్చ్ అనే రాతి తోరణం దాకా రానూపోనూ మూడు మైళ్ళు, దారిలో నీడ అన్నది లేదు. తెల్లవారుజామున లైట్లు పెట్టుకుని మొదలుపెట్టి తొమ్మిదికల్లా దిగిపోండి, మనిషికి రెండు లీటర్లు. మధ్యాహ్నం గదిలో నిద్ర, బట్టలు ఉతుక్కోవడం. నాలుగింటికి కేనియన్‌ల్యాండ్స్‌లో ఐలాండ్ ఇన్ ద స్కై అనే భాగంలోని గ్రాండ్ వ్యూ పాయింట్. చీకటి పడ్డాక నెమ్మదిగా నడపండి, జింకలు ఒకటి దాటితే వెనకే ఇంకోటి ఉంటుంది.

ఇక్కడ నేల మీద నల్లగా, గరుకుగా, చీమల పుట్టల్లా ఉబ్బిన మట్టి పొర కనిపిస్తుంది. అది ప్రాణమున్న పొర. ఇసుకని పట్టి ఉంచేది అదే. ఒక్క అడుగు పడితే కోలుకోవడానికి ఏళ్ళు, ఒక్కోచోట దశాబ్దాలు పడుతుంది. ఫోటో కోసం బాట దిగొద్దు. దిగాల్సి వస్తే రాతి మీదో, వాగు ఇసుకలోనో నడవండి.

7. వరద

దీన్ని విడిగా చెప్పడానికి కారణం ఉంది. 1997 ఆగస్టు 12న లోయర్ యాంటిలోప్ కేనియన్‌లో 11 మంది చనిపోయారు. వాళ్ళ నెత్తిన వాన పడలేదు, మైళ్ళ దూరంలో పడింది. 2015 సెప్టెంబరు 14న జయాన్‌లోని కీహోల్ కేనియన్‌లో ఏడుగురు పోయారు. రాతి నేల నీటిని పీల్చుకోదు, పడినదంతా సన్నటి సందులోకి చేరుతుంది.

ఇరుకు లోయలోకి దిగేరోజు పొద్దున విజిటర్ సెంటర్‌లో మెరుపు వరద అంచనా చూడండి. ‘ప్రాబబుల్’ అనో ‘ఎక్స్‌పెక్టెడ్’ అనో ఉంటే వెళ్ళొద్దు. ‘పాజిబుల్’ అని ఉండి ఆకాశంలో మబ్బులు పేరుకుంటున్నా వెళ్ళొద్దు. లోపలికి వెళ్ళాక నీళ్ళు ఉన్నట్టుండి బురదగా మారినా, పుల్లలు, ఆకులు కొట్టుకొస్తున్నా, పైనుంచి హోరు పెరుగుతున్నా వెనక్కి పరుగెత్తకండి, దగ్గర్లో ఉన్న ఎత్తు ఎక్కండి. బ్యాగు, కెమెరా వదిలేయండి.

తరచూ జరిగే పొరపాట్లు

గ్రూపులో అందరికన్నా నెమ్మదిగా నడిచేవాళ్ళని వెనక వదిలేయడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. వాళ్ళే ముందు నడవాలి, వాళ్ళ వేగమే అందరి వేగం. కిందికి దిగే బాటల్లో, తెచ్చిన నీళ్ళలో మూడో వంతు అయిపోగానే ఎక్కడున్నా వెనక్కి తిరగాలి. ఎవరైనా తడబడి మాట్లాడుతుంటే, ఎండలో ఉండి చలి అంటుంటే, నీడలో కూర్చోబెట్టి మెడ, చంకలు తడిపి విసరండి. తికమక తగ్గకపోతే 911.

యూటాలో డ్రైవింగ్‌కి రక్తంలో మద్యం పరిమితి 0.05 శాతం, మిగతా రాష్ట్రాల 0.08 కన్నా తక్కువ. రాత్రి రెండు బీర్లు తాగినవాళ్ళు అప్పుడే తాళం తీసుకోవద్దు. వీసా మీద ఉన్నవాళ్ళకి డీయూఐ (తాగి నడిపిన) కేసు వీసా స్టాంపింగ్ దాకా వెంటాడుతుంది. వేగస్‌లో చట్టబద్ధంగా కొన్న గంజాయి యూటాలోనూ పార్కుల్లోనూ నేరమే, కారులో ఉండకూడదు.

హైవేలో 65 ఉన్న పరిమితి ఊరు రాగానే 30కి పడిపోతుంది. పోలీసు కారు సరిగ్గా ఆ బోర్డు వెనకే ఉంటుంది.

ఇక డబ్బు. రూములు, కారు, గ్యాస్ ఒకరి కార్డు మీదే పెట్టి, ప్రతి రాత్రి ఖర్చులు పంచే స్ప్లిట్‌వైజ్ యాప్‌లో రాసేయండి. “ఇంటికెళ్ళాక చూసుకుందాం” అన్న లెక్క ఎప్పుడూ తేలదు, మధ్యలో స్నేహం నలుగుతుంది.

ప్రతి రాత్రి చూసుకోవాల్సినవి

నిద్రపోయే ముందు పది నిమిషాలు చాలు. సీసాలన్నీ నిండాయా? ట్యాంకు సగం పైన ఉందా? రేపటి వాతావరణం, పార్కు మూసివేతలు చదివారా? లైట్లు, ఫోన్లు ఛార్జింగ్‌లో ఉన్నాయా? రేపటి ప్లాన్, తిరిగొచ్చే టైమ్ ఊళ్ళో ఉన్న ఒకరికి మెసేజ్ పెట్టారా? “రాత్రి తొమ్మిదికల్లా ఫోన్ రాకపోతే ఫలానా పార్కు వాళ్ళకి చెప్పు” అని రాయండి. ఏదో ఒక ప్రశ్నకి “లేదు” అని వస్తే, పొద్దున చూద్దాంలే అనకండి. పొద్దున నాలుగున్నరకి ఎవరికీ గుర్తుండదు.

చివరి రోజు

ఓపికుంటే కేనియన్‌ల్యాండ్స్‌లోని మెసా ఆర్చ్ దగ్గర సూర్యోదయం చూసి బయల్దేరండి. మోయాబ్ నుంచి అక్కడికి ముప్పావు గంట పైనే పడుతుంది, సూర్యుడు రావడానికి నలభై నిమిషాల ముందే చేరితే తప్ప ముందు వరుసలో చోటుండదు. అయితే అలా చూసినవాళ్ళు ఆ రోజు ఏడు గంటలు నడపాలి, కాబట్టి స్టీరింగ్ పట్టే ఇద్దరూ పడుకోవడమే మంచిది.

తిరుగుదారిలో ఐ-70 హైవే మీద గ్రీన్ రివర్ దాటాక సలైనా దాకా 110 మైళ్ళ దూరం బంకు లేదు, హోటల్ లేదు, ఏమీ లేదు. గ్రీన్ రివర్‌లో ట్యాంకు నిండా పోయించి, అందరూ బాత్రూమ్‌కి వెళ్ళొచ్చి, అద్దం మీద పురుగుల మరకలు తుడిచి బయల్దేరండి. రెండు గంటలకోసారి డ్రైవర్ మారాలి. వేగస్ చేరాక కారు అప్పగించే ముందు సీట్ల కింద ఎర్ర ఇసుక దులిపి, నాలుగు వైపులా, మీటరు, గ్యాస్ ముల్లు ఫోటోలు తీసుకోండి. నెవాడాలో మీకు గంట తిరిగి దొరుకుతుంది, ఆ గంటని విమానాశ్రయం క్యూ కోసం ఉంచుకోండి.